ఖాళీ వల శాపం కాదు, అలివి వల జవాబు కాదు



శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికే కుటుంబాల దగ్గరికి ప్రార్థనకు వెళితే ముందుగా వినబడే మాట ఒకటే. "అయ్యగారూ, వలకు చేప పడటం లేదు." సాయంత్రం పుట్టి మీద వెళ్ళి వల నిలబెట్టి, తెల్లవారుజామున తీస్తే నాలుగు జెల్లలు, రెండు జిలేబీలు. ఒక్కోసారి అవీ ఉండవు. గాలం వేసేవాళ్ళదీ ఇదే గోడు. ఎర నానిపోతుంది గాని చేప ముట్టదు.

ఇలాంటి రోజుల్లో ఆ కుటుంబాలకు ఇద్దరు జవాబు చెబుతున్నారు. ఒకరు ప్రార్థన పేరుతో వచ్చి, "మీ ఇంట్లో ఏదో పాపం ఉంది, దేవునికి ఇవ్వాల్సింది బాకీ పడ్డారు, అందుకే మీ వల మీద దీవెన లేదు" అంటారు. ఇంకొకరు అప్పు పుస్తకంతో వచ్చి, "అలివి వల నేనిస్తాను, పట్టిన సరుకు నాకే పొయ్యి" అంటారు. ఈ రెండు జవాబులూ తప్పే అని మేము నమ్ముతున్నాం. అంతే కాదు, మొదటి జవాబే రెండోదానికి దారి వేస్తోంది. ఖాళీ వల శాపమని భయపడిన మనిషి ఎలాగైనా ఆ వల నింపి చూపించాలనుకుంటాడు.

ముందు మొదటి మాట సంగతి చూద్దాం. చేప ఎందుకు పడదో నీళ్ళ మీద పుట్టి పెరిగిన మన పెద్దలకు తెలుసు. రాత్రి నిలబెట్టే వల చేపను వెతుక్కుంటూ వెళ్ళదు. తిరిగే చేప వచ్చి తగిలితేనే పడుతుంది. చలికాలం నీళ్ళు చల్లబడితే బొచ్చె, శీలావతి మేత తగ్గిస్తాయి, తిరుగుడు తగ్గిస్తాయి. పండు వెన్నెల రాత్రి తేట నీళ్ళలో దారం కనబడితే చేప పక్కకు తప్పుకుంటుంది. వరద వచ్చి శ్రీశైలం 885 అడుగులకు, సాగర్ 590 అడుగులకు నిండిందంటే నీళ్ళు మైళ్ళ కొద్దీ పరుచుకుంటాయి. నిన్న ఒక మడుగులో ఉన్న చేప ఈ రోజు పొదల్లోకి, వాగుల్లోకి చెదిరిపోతుంది. బొచ్చె పై నీళ్ళలో మేస్తుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. ఒక లోతులో వేసిన వల ఇంకో లోతులో ఉన్న చేపను పట్టదు. ఇవన్నీ దేవుడు నీళ్ళకు, చేపకు పెట్టిన క్రమాలు. ఆ క్రమం ప్రకారం వల ఖాళీగా వస్తే, దాన్ని ఒక ఇల్లాలి ప్రార్థన లోపంగా చూపించడం అన్యాయం.

వాక్యం ఏమి చూపిస్తుందో గమనించండి. సువార్తల్లో రాత్రంతా కష్టపడి ఏమీ పట్టలేకపోయిన సంగతి రెండుసార్లు కనబడుతుంది. ఒకటి లూకా 5వ అధ్యాయం, రెండోది యోహాను 21వ అధ్యాయం. రెండు చోట్లా ఉన్నది పేతురే. చిన్నప్పటి నుంచి ఆ సరస్సు ఎరిగినవాడు. ప్రభువు ఆయనను నీ పాపమేమిటని గాని, నీ కానుక ఎంతని గాని అడగలేదు. లూకాలో అయితే ఆ ఖాళీ దోనెలోనే కూర్చుని జనానికి బోధించాడు. దోనెలో చేపలుంటే కూర్చోవడానికి చోటెక్కడిది? యోహానులో అడిగింది తినడానికేమైనా ఉన్నదా అని మాత్రమే. శిష్యులు లేదన్నారు. ఆ 'లేదు' అనే మాటకు ఆయన కోపపడలేదు.

ఇంకొక సంగతి మనం తొందరగా దాటిపోతాం. శిష్యులు 153 పెద్ద చేపలున్న వలను ఒడ్డుకు లాగేసరికి అక్కడ నిప్పుల మీద చేప, పక్కన రొట్టె అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అంటే వాళ్ళ ఉదయపు భోజనం వాళ్ళ వల మీద ఆధారపడలేదు. ప్రభువు వాళ్ళ చేపలు కూడా తెమ్మన్నాడు, వాళ్ళ కష్టాన్ని గౌరవించాడు. అయితే తిండి మాత్రం ముందే పెట్టి ఉంచాడు. వల నిండితేనే దేవుడు మనవైపు ఉన్నాడని బోధించేవాళ్ళు ఆ నిప్పుల దగ్గర ఒక్కసారి కూర్చోవాలి.

ఆ సరస్సు గురించి ఒక నిజమైన సంగతి చెబుతాం. 1986లో గలిలయ ప్రాంతంలో వానలు లేక సరస్సు బాగా వెనక్కి పోయింది. అప్పుడు అక్కడి ఇద్దరు అన్నదమ్ములకు, వాళ్ళూ చేపలు పట్టేవాళ్ళే, బురదలో కూరుకుపోయిన ఒక పాత పడవ కనబడింది. ఎనిమిది మీటర్ల పైన పొడవు. పరిశోధకులు పరీక్షించి అది సుమారు ప్రభువు కాలం నాటిదని తేల్చారు. ఆ పడవ ఒకే చెక్కతో చేసింది కాదు. దొరికిన చెక్కతో దొరికినట్టు, పది రకాలకు పైగా కలపతో మళ్ళీ మళ్ళీ అతుకులు వేసి నడిపించుకున్నారు. కొత్త పడవ కొనలేని మనుషులవి ఆ అతుకులు. ప్రభువు నడిచిన ఒడ్డున బతికినవాళ్ళు మన పుట్టివాళ్ళలాంటి వాళ్ళే. పేదరికం శాపమైతే ఆయన ఆ ఒడ్డుకు వచ్చేవాడే కాదు.

ఇప్పుడు రెండో జవాబు. అలివి వల అంటే ఏమిటో పట్నంలో ఉన్న మన పిల్లలకు తెలియకపోవచ్చు. దోమతెరలాంటి సన్న కన్నుతో, చాలా పొడవుగా అల్లిన వల. నీళ్ళలో చుట్టూ తిప్పి, పది మంది కలిసి ఒడ్డుకు లాగుతారు. ఆ కన్నులో నుంచి వేలెడంత పిల్ల కూడా బయటపడదు. పట్టిన పిల్లలను ఒడ్డునే ఎండబోసి ఎండుచేపగా అమ్ముతారు. ప్రభుత్వం ఈ వలను నిషేధించింది. అయినా నీళ్ళలోకి దిగుతూనే ఉంది.

లెక్క వేసి చూడండి. పది గ్రాముల బొచ్చె పిల్లలైతే కిలోకి వంద తూగుతాయి. ఆ వందలో తొంభై చచ్చిపోయి పదే మిగిలాయనుకుందాం. ఏడాదికి ఒక్కొక్కటి కిలో పెరిగినా పది కిలోల చేప. ఇంకో ఏడాది ఆగితే అవే గుడ్లు పెట్టే తల్లులు. ఈ రోజు కిలో ఎండుచేప కోసం నిన్నటి కూలి వచ్చినట్టు అనిపిస్తుంది గాని, పోయేది వచ్చే ఏడాది కూడు. ఆ పోయింది కూడా వల లాగినవాడి ఒక్కడిదే కాదు. పక్క రేవులో పెద్ద కన్ను వలతో నిజాయితీగా కూర్చున్నవాడిది కూడా. అందుకే అతని వల ఖాళీగా వస్తోంది. అతనికే మళ్ళీ "నీ ఇంట్లో పాపముంది" అని చెబుతున్నాం! పాపం ఎవరిది, నింద ఎవరికి?

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో పక్షి గూడు గురించి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. గూడు కనబడితే తల్లినీ పిల్లలనూ కలిపి తీసుకోకూడదు, తల్లిని విడిచిపెట్టాలి. ఆకలిగా ఉన్నవాడికి తినే హక్కును దేవుడు అక్కడ తీసేయలేదు. రేపటి గూడును మాత్రం చెరపవద్దన్నాడు. చేప దగ్గర విడిచిపెట్టాల్సింది పిల్లను, అంతే తేడా. ఆజ్ఞ వెనుక మనసు ఒకటే.

హబక్కూకు ప్రవక్త మొదటి అధ్యాయంలో ఇంకా గట్టిగా మాట్లాడతాడు. మనుషులను చేపల్లా వలలో లాగేసుకునే బలవంతుడు చివరికి తన వలకే బలి అర్పిస్తాడట, తనకు కొవ్విన తిండి వచ్చేది దానివల్లే గనుక. అలివి వల దగ్గర ఈ మాట అక్షరాలా నిజం. దాన్ని లాగేవాడు పేదవాడే, కాళ్ళు నానిపోయేది అతనివే. వలకు మొక్కేవాడు మాత్రం ఒడ్డున తక్కెడ పట్టుకుని కూర్చుంటాడు. కాబట్టి మా కోపం కూలికి వల లాగే చేతుల మీద కాదు. ఆ చేతులకు వేరే దారి లేకుండా చేసిన అప్పు మీద.

కొందరు సోదరులు అడుగుతారు, "పరలోకరాజ్యం అన్ని రకాల చేపలనూ పట్టిన వలలాంటిదని ప్రభువే చెప్పాడు కదా?" చెప్పాడు. మత్తయి 13వ అధ్యాయంలో ఉంది. అది చివరి దినపు తీర్పును గురించిన ఉపమానం. అందులో వేరు చేసేది దేవదూతలు. ఆ ఉపమానం మనకు జలాశయం ఊడ్చేసే అనుమతి ఇవ్వదు.

"పిల్లలకు అన్నం లేనప్పుడు వాక్యం చెబితే కడుపు నిండుతుందా?" అని కూడా అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆపినప్పుడు, ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. చేప పడని నెలలో జలాశయం ఒడ్డున ఉన్నవాడికి అలాంటి ఆసరా కనబడదు. అందుకే సన్న వల వేయవద్దని చెప్పే నోటికి, సన్న వల వేయనివాడి ఇంట్లో పొయ్యి వెలుగుతుందో లేదో చూసే బాధ్యత కూడా ఉంది. ఆ బాధ్యత సంఘానిదని మేము అంటున్నాం.

మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఇల్లాళ్ళు వంటకు ముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం తీసిపెట్టే అలవాటు 1910 నుంచి నడుస్తోంది. ధనవంతుల సంఘాలేమీ కావవి. పూటకు పిడికెడు. దానితోనే ఎంతో పరిచర్య జరిగింది. మన ఇళ్ళలోనూ ఒక డబ్బా పెడదాం. వల పడని నెలల్లో ఆ బియ్యం రేవు ఇళ్ళకు వెళ్ళాలి, అప్పుగా కాదు, సాక్ష్యం చెప్పమని షరతు పెట్టి కూడా కాదు. పట్నంలో జీతం అందుకునే మన బిడ్డలు మందిరానికి కొత్త మైకు కొనిస్తామంటున్నారు, సంతోషం. ఈసారి ఆ డబ్బుతో పెద్ద కన్ను వలలు కొనిస్తే ఇంకా సంతోషం. షావుకారు ఇచ్చే అలివి వలను వద్దనడానికి చేతిలో ఇంకో వల ఉండాలి కదా.

ఇంకొక మాట, కాస్త కష్టమైనదే. అలివి వల సరుకు కొనే పెద్దమనుషులు దాని లాభంలో దశమభాగం తెచ్చి బల్ల మీద పెడితే మేము తీసుకోము. పక్కవాడి రేపటి కూడును అమ్మిన డబ్బుతో మందిరానికి రంగులు వేయించుకోవడం ప్రభువుకు ఇష్టమని మేము నమ్మము. మందిరం వెలిసిపోయినా పరవాలేదు.

చివరగా, ఈ రాత్రి కూడా పుట్టి మీద వెళ్ళే మన సహోదరులకు. వల ఖాళీగా వస్తే సిగ్గుపడవద్దు. దాన్ని దులిపి, తెగిన కన్ను కట్టి, ఆరబెట్టండి. లూకా సువార్తలో ప్రభువు వచ్చేసరికి వాళ్ళు చేస్తున్న పని కూడా అదే, వలలు కడుక్కుంటున్నారు. పట్టింది ఏమీ లేకపోయినా రేపటి కోసం వల శుభ్రం చేసుకోవడం విశ్వాసమే. ఇంటికి వచ్చి, పడలేదని ధైర్యంగా చెప్పండి. ఆ మాట విన్న సంఘం మిమ్మల్ని పాపం అడగకుండా, ప్రభువు అడిగినట్టు తిన్నారా అని అడగాలి. దాని కోసం ఈ వారమంతా ప్రార్థిద్దాం, డబ్బాలో పిడికెడు వేస్తూ.

ప్రభువు మన రేవులను, మన పొయ్యిలను కాపాడును గాక. ఆమేన్.