సిద్ధంగా లేనిది ఎవరు?

“జావా సమాజం ఆడవాళ్ళ నాయకత్వానికి ఇంకా సిద్ధంగా లేదు.” ఇండోనేషియా రాజకీయాల మీద ఏ వ్యాసం తిరగేసినా ఈ మాట తగులుతుంది. తప్పంతా జనం మీదికి తోసి చేతులు దులుపుకునే మాట ఇది.

జోగ్‌జకార్తా సంగతి చూడండి. అక్కడ గవర్నరుకి ఎన్నిక లేదు, సుల్తానే గవర్నరు. పదవ హమెంకుబువనాకి అయిదుగురూ కూతుళ్ళే. 2012లో చేసిన ప్రత్యేక చట్టం, గవర్నరు కాబోయే వ్యక్తి తన చదువు, ఉద్యోగం, తోబుట్టువులు, భార్య, పిల్లల వివరాలివ్వాలంది. భార్య! భర్త ఊసే లేదు. ఆ కుర్చీ మగవాడిదేనని వేరే రాయనక్కర్లేకుండా ఒక్క మాటతో పని కానిచ్చేశారు. 2015లో సుల్తాను పెద్దకూతురికి మంకుబుమి బిరుదిచ్చి వారసత్వానికి దారి వేయగానే, సంప్రదాయం పేరుతో ఎదురు తిరిగింది ఆయన తోబుట్టువులే. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ షరతు కొట్టేసింది. (రాజరికం మీద నాకేం మోజు లేదు. కూతురు ఏలినా అది రాజరికమే.) ఈ తతంగమంతటిలో ఓటర్లను అడిగిందెవరు?

అడిగిన చోట ఏమైంది? నాలుగు కోట్ల జనాభా ఉన్న తూర్పు జావాలో ఖొఫీఫా ఇందార్ పరవన్సా 2008, 2013లలో ఓడి, 2018లో గవర్నరుగా గెలిచింది. 2024 ఎన్నికలో పోటీపడిన మూడు జట్లకీ ముందున్నది ఆడవాళ్ళే. జావా సంతల్లో బేరాలు నడిపేదీ, ఇంటి డబ్బు చూసుకునేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా భార్యని ‘కంచ వింకింగ్’, అంటే వెనకవైపు ఉండే తోడు అనే మాటనే పట్టుకుని అదే జావా సంస్కృతి అంటారు. అది దొరల ఇళ్ళ మర్యాద.

ఆ మర్యాదని దేశమంతటికీ నీతిగా చేసింది సుహార్తో ప్రభుత్వం. 1965 అక్టోబరులో, గెర్వానీ అనే వామపక్ష స్త్రీల సంఘం సభ్యులు సైన్యాధికారుల శరీరాలను కోశారని, వాళ్ళ ముందు నగ్నంగా ఆడారని అబద్ధాలు పుట్టించారు. శవపరీక్షల్లో అలాంటిదేమీ తేలలేదు. సంఘాన్ని నాశనం చేశారు, ఎందరినో చంపారు, జైళ్ళలో కుక్కారు. తర్వాత 1974లో ధర్మ వనిత పెట్టి, ప్రభుత్వోద్యోగుల భార్యలందరినీ అందులో చేర్చి, భర్త హోదాని బట్టి భార్యకి హోదా కట్టబెట్టారు. రాజకీయం మాట్లాడిన ఆడవాళ్ళకి ఏ గతి పట్టిందో కళ్ళారా చూసిన తల్లి, కూతురితో “మనకెందుకమ్మా” అంటే, దాన్ని సంస్కృతి అనాలా, భయం అనాలా? సర్వే కాగితంలో మాత్రం రెండింటికీ ఒకటే జవాబు పడుతుంది.

అభ్యర్థుల్లో 30 శాతం స్త్రీలుండాలన్న మాట 2003 నుంచీ ఎన్నికల చట్టాల్లో ఉంది. 2024లో ఎన్నికైన పార్లమెంటులో ఆడవాళ్ళు అయిదోవంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ ఎన్నికలకు ముందు, 2023లో, లెక్కలో వచ్చిన భిన్నం అరకన్నా తక్కువైతే కిందికి దించుకోవచ్చని ఎన్నికల సంఘమే నిబంధన పెట్టింది. ఎనిమిదిమందిలో 30 శాతమంటే 2.4 కదా, ఇద్దరు చాలన్నమాట! సుప్రీంకోర్టు తప్పుపట్టాల్సి వచ్చింది. ఆ పాయింటు నాలుగు ఆడమనిషిని కొట్టేసింది సంతలో కూరగాయలమ్ముకునే జావా మనిషి కాదు.