పెరటి పాఠం: నీరు పోసి పెంచు, నీరు తీసి దాచు

పిల్లలూ! పరీక్షలు అయిపోయాయి, సెలవులు వచ్చాయి. మళ్లీ బడి తెరవడానికి సుమారు ఏడు వారాలు ఉన్నది. ఈ ఏడు వారాల్లో ఒక చిన్న గింజ మొక్క అయి, పూత పూసి, కూరకు కాయలు ఇవ్వగలదు. ఈ ఏడు వారాల్లోనే మీ పెరటి మామిడిచెట్టు కాయలన్నీ ఒక్కసారిగా పండి, దాచుకోవడం తెలియకపోతే కుళ్లిపోనూవచ్చు. కూర పెంచడం, పండు దాచడం వేరువేరు విద్యల్లాగా కనిపిస్తాయి. కాని రెండింటి గుట్టూ ఒకటే. అది నీరు!

నరసన్నపేట వైపు ఎండలు ఎలా ఉంటాయో ఆ చుట్టుపక్కల పిల్లలకు చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు మడపాం దగ్గర వంశధార దాటుతాం కదా! వానాకాలంలో నిండుగా పారే ఆ ఏరు, వేసవిలో ఇసుక మధ్య సన్నని పాయ అయిపోతుంది. ఇళ్లలో నుయ్యి కూడా కిందికి దిగిపోతుంది. కనక మొదటిసారి తోట వేసేవాళ్లు పెరడంతా తవ్వకూడదు. రోజూ మీరు ఎన్ని చెంబుల నీళ్లు మోయగలరో ముందు లెక్క చూసుకోండి. నాలుగు మూరల పొడుగు, రెండు మూరల వెడల్పు ఉన్న మడి చాలు.

ఏం వేయాలి? తోటకూర వేస్తే 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది. బెండ అయితే 45, 50 రోజుల్లో కాపు మొదలుపెడుతుంది. ఆనప, బీర పాదులు కూడా పెట్టవచ్చు, కాని వాటి కాయలు తినేసరికి మీరు మళ్లీ బడికి వెళుతుంటారు. జానెడు లోతు తవ్వి, బాగా మగ్గిన పశువుల గత్తం కలపండి. పచ్చి పేడ వేస్తే లేతవేళ్లు దెబ్బతింటాయి. తోటకూర గింజలు మరీ చిన్నవి కనక ఇసుకతో కలిపి చల్లాలి. బెండగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున అంగుళం లోతున, అడుగు ఎడంగా పెట్టాలి.

నానబెట్టేముందు ఒక బెండగింజను చేతిలో పట్టుకుని చూడండి. చిన్న గులకరాయిలా గట్టిగా ఉంటుంది. అది చచ్చిపోలేదు, నిద్రపోతున్నది! దానిలో నీరు బహుకొద్దిగా ఉండడంచేతనే ఆ నిద్ర. నీరు తగలగానే ఉబ్బుతుంది, మేలుకుంటుంది, మొలకెత్తుతుంది. మేలుకున్న తరవాత మాత్రం అది మళ్లీ నిద్రపోలేదు. పెద్దచెట్టు లోతుగా వేళ్లు పంపి నీరు వెతుక్కుంటుంది. పదిరోజుల మొక్కకు అంత శక్తి ఎక్కడిది? ఈ ఎండల్లో ఒక్కరోజు మరిచిపోయినా తల వాలుస్తుంది. ‘రేపు పోద్దాంలే’ అనే మాట తోటమాలికి పనికిరాదు.

నీరు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు పోయండి. నడి మధ్యాహ్నం పోస్తే అందులో చాలాభాగం ఆవిరి అయిపోతుంది. మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి గాని, ఎండాకులు గాని కప్పితే మన్ను తొందరగా ఆరదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు పారబోయకండి, మడికి పోయండి.

ఇంకో ఉపాయం ఉన్నది. రంగు వేయని చిన్న మట్టికుండను మొక్కల మధ్య మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడలో కంటికి కనిపించని సందులుంటాయి. చుట్టూ మన్ను ఆరినకొద్దీ నీరు ఊరి బయటికి వస్తుంది. మన్ను తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. మొక్కకు కావలసినంతే అందుతుందన్నమాట! చైనాలో రెండు వేల ఏళ్ల కిందట రాసిన ఒక వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉన్నది.

ఆనప, బీర పెట్టినవాళ్లకు ఒక మాట. మొదట్లో పూసిన పూలు చాలావరకు కాయ కట్టకుండానే రాలిపోతాయి. దిగులుపడకండి, అవి మగపూలు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, దానితో గుర్తుపట్టవచ్చు. ఈ రెండు పాదులూ సాయంకాలం పూస్తాయి. ఒక మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్య మెల్లిగా అద్దితే పిందె నిలుస్తుంది. బెండకు ఈ చిక్కు లేదు. ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉంటాయి. అయితే పువ్వు విచ్చిన 5, 6 రోజులకే కాయ కోసెయ్యాలి. ఆలస్యమైతే పీచు పడుతుంది.

మడిలో బెండ ఎదుగుతూ ఉండగా చెట్టు మీద మామిడి పండుతుంది. సువర్ణరేఖ కానివ్వండి, నాటుకాయ కానివ్వండి, చెట్టు పండటం మొదలుపెడితే పది పదిహేను రోజుల్లో పని అయిపోతుంది. తిన్నన్ని తింటాం, పంచినన్ని పంచుతాం. మిగిలినవి? మూడోనాటికి మచ్చలు పడి, నాలుగోనాటికి ఈగలు ముసురుతాయి. ఏడాదంతా చెట్టు చేసిన కష్టం వారంలో మట్టిపాలు!

పండు ఎందుకు కుళ్లుతుంది? మామిడిపండులో నూరు పాళ్లకు ఎనభై పాళ్లకు పైగా నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం తీపి. బూజుకూ, కంటికి కనిపించని సూక్ష్మజీవులకూ ఇంతకన్నా మంచి విందు ఏమున్నది? మీ బెండమొక్కలాగే వాటికీ నీరు కావాలి. మొక్కకు నీరు పోసి పెంచాం కదా, పండులో నీరు తీసి వాటిని ఎండగట్టాలి. మన ఇళ్లలో దీనికి మూడు దారులున్నాయి. ఎండతో నీటిని ఆవిరి చేస్తే ఒరుగులు, తాండ్ర. ఉప్పుతో నీటిని బయటికి లాగితే ఊరగాయ. బెల్లం, పంచదార కూడా ఉప్పులాగే నీటిని పట్టి ఉంచి, సూక్ష్మజీవులకు అందనివ్వవు. వాటితో చేసేవి మాగబెట్టిన తీపి నిల్వలు.

చేసి చూడండి: గాలికి రాలిన పచ్చి మామిడికాయను పెద్దవాళ్లచేత ముక్కలు కోయించండి. కొన్ని ముక్కలు ఒక గిన్నెలో ఉత్తగా, కొన్ని ఇంకో గిన్నెలో ఉప్పు కలిపి ఉంచండి. గంటాగి చూస్తే ఉప్పు ముక్కల కింద నీరు చేరి ఉంటుంది. ఆ నీరు ఎవరూ పోయలేదు, ముక్కలోనుంచి వచ్చింది! మాగాయ పెట్టేవాళ్లు ఆ ముక్కల్ని ఎండబెట్టి, మళ్లీ ఆ ఊటలోనే వేస్తారు.

ఫ్రాన్సు దేశంలో నికొలాస్ అప్పర్ట్ అనే వంటవాడు ఆహారాన్ని సీసాల్లో పెట్టి, గట్టిగా బిరడా వేసి, వేడినీళ్లలో కాచి నిల్వచేశాడు. 1810లో ఆ ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు బహుమతి ఇచ్చింది. అది ఎందుకు చెడిపోలేదో అతనికే తెలియదు! కారణం సూక్ష్మజీవులని లూయీ పాశ్చర్ 1860 తరవాతి ఏళ్లలో రుజువుచేశాడు. మన మామ్మలూ అమ్మమ్మలూ అంతే. కారణం పుస్తకంలో చదవలేదు, కాని తడి గరిటె జాడీలో పెడితే ఊరుకోరు.

విజయనగరం జిల్లా భీమాలి గ్రామం మామిడి తాండ్రకు పేరు పడింది. ఇంట్లో కొద్దిగా చేసుకోవడం కష్టం కాదు. బాగా పండిన కాయల రసం తీసి, పీచు వడకట్టి, నాలుగు గిన్నెల రసానికి ఒక గిన్నె పంచదార కలపండి. నెయ్యి రాసిన పళ్లెంలో పలచగా పోసి, పైన సన్నని గుడ్డ కట్టి, మంచి ఎండలో పెట్టండి. సాయంకాలం లోపలికి తెచ్చుకోండి. పై పొర ఆరిన తరవాతనే రెండో పొర పోయాలి. వేలితో తాకితే అంటుకోకూడదు. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కనక ఆరడం ఆలస్యమవుతుంది. రోహిణి కార్తె ఎండల్లోనే పని ముగించండి, మృగశిర వస్తే మబ్బులు మీ మాట వినవు. ఎప్పుడైనా బూజు కనిపిస్తే పైపైన గీకి తినకండి, మొత్తం పారెయ్యండి. బూజు వేళ్లు లోపలికి పాకి ఉంటాయి.

ఇక చివరి పని. మీ బెండమొక్కల్లో అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్నదాని మీద రెండు కాయలు కోయకుండా వదిలెయ్యండి. అవి చెట్టునే ఎండిన తరవాత గింజలు తీసి, నీడన ఆరబెట్టి, పొడి సీసాలో వేసి మూత బిగించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. అలాంటి తోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కూరమడి పాడైతే ఏడు వారాలు చాలు. కాని ఇంట్లో గింజ ఉండాలి! సీసాలో పొడిగా నిద్రపోతున్న ఆ గింజలే వచ్చే ఏటి మీ తోట. వాటి మీద పేరు, తేదీ రాసి, తడి తగలనిచోట దాచుకోండి.