ఆంధ్రా బ్యాంకు గుర్తు

2020 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. ఖాతాలు పోలేదు, సొమ్ము పోలేదు. పోయినవి పేరును, పేరు ప్రక్కనుండిన గుర్తును. ఇంతమాత్రమునకు వగపేల యందురు కొందఱు.

డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో బందరున నెలకొల్పిన సంస్థ యది. 1980లో జాతీయము చేయబడినను పేరు నిలిచినది. దాని గుర్తులో అనంతమును సూచించు మెలికయు, గొలుసును, తాళపుచెవి దూరు రంధ్రమును ఇమిడియుండెను. అనంతము గణితవేత్తల సొమ్ము. డెల్టా రైతునకు దానితో నిమిత్తము లేదు. కాని తాళము నెఱుగని గృహస్థుడు గలడా? చదువురాని యిల్లాలు నగల మూటతో బస్సు దిగి, బోర్డుమీది యక్షరములను గాక యా యెఱ్ఱని మెలికను జూచియే లోనికి బోయెడిది. గుర్తు చేయవలసిన పని యిదియే. చిత్రకారుడు చెప్పిన యర్థముకంటె ఖాతాదారుల యలవాటే దానికి బలము. ఆ యలవాటు ఒక్క యుత్తరువుతో కొత్త గుర్తునకు బదిలీ కాదు.

యూనియన్ బ్యాంకును తక్కువ చేయుట మా యభిమతము గాదు. 1919లో బొంబాయిలో స్థాపితమైన యా బ్యాంకు కార్యాలయమును 1921లో గాంధీమహాత్ముడే ప్రారంభించెను. దాని గుర్తునను ఎఱుపు, నీలములే యున్నవి. చూపునకు దోషము లేదు. అయినను అది బందరు గుర్తు గాదు.

విలీనమును రద్దు చేయుడని మేము గోరము. బందరు శాఖ ముఖద్వారమున పాత గుర్తును, స్థాపకుని పేరును, 1923 అను సంవత్సరమును రాతిపై జెక్కించి నిలుపుట కెంత వ్యయమగును? తరతరములుగా డిపాజిట్ల నిచ్చిన జిల్లాకు ఈపాటి మర్యాద చేయుటకు యాజమాన్యము వెనుదీయరాదు.