సర్వర్ బూట్ మధ్యలో ఆగితే ముందు పవర్ బటన్ మీంచి చెయ్యి తీయండి

పాత సర్వర్ బూట్ అవుతూ మధ్యలో ఆగిపోతే మన ఆఫీసుల్లో జరిగే తంతు ఒక్కటే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు, మళ్లీ ఆన్ చేస్తారు. రాకపోతే ఇంకోసారి. నాలుగోసారి కూడా రాకపోతే ‘ఓఎస్ పోయింది, ఫార్మాట్ కొట్టేద్దాం’ అంటారు. ఈ పద్ధతి వెంటనే మానాలి. బూట్ ఆగినంత మాత్రాన డిస్కులో ఉన్నది చెరిగిపోదు. చెరిగేది ఆ తర్వాతి అరగంటలో కంగారుపడి మనం చేసే పనుల వల్ల.

ఈ మాట ఇప్పుడే గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10న ముగిసింది. సెంటాస్ 7కి 2024 జూన్ 30న ముగిసింది. ఈ రెండింటినీ నమ్ముకుని కాలేజీ ల్యాబుల్లో, డయాగ్నస్టిక్ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడిచిన రెండు ప్రాసెసర్ల యంత్రాలు ఎన్నో ఉన్నాయి. డెల్ పవర్‌ఎడ్జ్ 2950, హెచ్‌పీ ప్రోలయంట్ డీఎల్380 జీ5 లాంటివి, కొన్ని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి గనుక కొత్త ఓఎస్ ఎక్కించక తప్పడం లేదు. ఎక్కించిన రోజే అవి మొరాయిస్తున్నాయి.

అప్‌డేట్ తర్వాత ఆగిన యంత్రాన్ని చూసి ‘ముసలిదైపోయింది’ అని తీర్పు చెప్పేయకండి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ పడగానే ఆప్టెరాన్, అథ్లాన్ లాంటి పాత ఏఎండీ ప్రాసెసర్ల యంత్రాలు కొన్ని బూట్ కాకుండా పోయాయి. వాటికి ఆ ప్యాచ్ పంపడాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నాళ్లు నిలిపేయాల్సి వచ్చింది. 2020 జులై చివర బూట్‌హోల్ లోపాన్ని సరిచేయడానికి రెడ్ హ్యాట్ ఇచ్చిన అప్‌డేట్ వల్ల రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 8 సర్వర్లు కొన్ని, ఓఎస్‌ని లోడ్ చేసే గ్రబ్ మెనూ కూడా చూపించకుండా ఆగిపోయాయి. ఈ రెండుసార్లూ డిస్కుల్లో డేటా భద్రంగానే ఉంది. ఆ రోజు ఫార్మాట్ కొట్టినవాళ్లు లేని రోగానికి ఆపరేషన్ చేసుకున్నట్టే.

అసలు సర్వర్ ఆగిందో లేదో ముందు చూడండి. మెమరీ ఎక్కువున్న పాత సర్వర్‌కి ఆన్ అవగానే చేసే మెమరీ పరీక్షకే నిమిషాలు పడతాయి. కరెంటు పోయి పడిపోయిన యంత్రమైతే ఫైల్ సిస్టమ్ తనిఖీ మొదలుపెడుతుంది. పెద్ద డిస్కుల మీద అది గంటలు సాగొచ్చు, తెర మీద ఏ కదలికా ఉండకపోవచ్చు. సరిగ్గా ఆ సమయంలో కరెంటు తీసేస్తే బాగుచేయదగ్గ డిస్కు కూడా చేజారుతుంది. కాబట్టి డిస్కుల లైట్లు చూడండి. కీబోర్డులో నమ్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతుంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఇంకా బతికే ఉంది. పక్క కంప్యూటర్ నుంచి పింగ్ చేయండి. తెర నల్లగా ఉన్నా జవాబు వస్తోందంటే సర్వర్ నడుస్తోంది, చిక్కు గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర ఉండొచ్చు.

2019 జులైలో డెబియన్ 10 వచ్చినప్పుడు మరో రకం ఆగడం బయటపడింది. భద్రత కోసం కావాల్సిన ర్యాండమ్ నంబర్లు సరిపడా పోగయ్యేదాకా బూట్ నిలిచి ఉండేది. ఇంటెల్ వైపు 2012 తర్వాతి ప్రాసెసర్లలో ఆ నంబర్లు ఇచ్చే సదుపాయం లోపలే ఉంది, అంతకుముందు వాటిలో లేదు. పాత సర్వర్ నిమిషాల తరబడి అలా ఉండిపోయేది, ఎవరైనా కీబోర్డు మీద నాలుగు కీలు నొక్కితే కదిలేది. లైనక్స్ 5.4లో దీనికి విరుగుడు చేశారు. ఈలోగా ఎంతమంది దీన్ని హార్డ్‌వేర్ జబ్బు అనుకున్నారో!

నిజంగానే ఆగిందని తేలితే మీ చేతిలో ఉన్న సాక్ష్యం తెర మీద కనిపించే చివరి వరస. దాన్ని ఫోన్‌తో ఫొటో తీయకుండా రీస్టార్ట్ కొట్టొద్దు. కంపెనీ లోగో తిరుగుతూ మెసేజ్‌లు కనబడకపోతే గ్రబ్ మెనూలో ‘ఈ’ కీ నొక్కి, కెర్నల్ వరసలోంచి ‘క్వైట్’, ‘ఆర్‌హెచ్‌జీబీ’, ‘స్ప్లాష్’ అనే మాటలు తీసేసి బూట్ చేయండి. అక్కడ చేసిన మార్పు ఆ ఒక్కసారికే, డిస్కులో ఏదీ మారదు. మెసేజ్‌లు పరుగెత్తుతుంటే వీడియో తీయండి. చివరి వరసలో పేరున్నదే దోషి అనుకోవద్దు. అది తన పని చేసేసి మెసేజ్ ఇచ్చి ఉండొచ్చు. దాని తర్వాత మొదలై, నోరు విప్పకుండా నిలిచిపోయినదాన్ని పట్టుకోవాలి. విండోస్‌లో అయితే బూట్ లాగింగ్ ఆన్ చేస్తే ఏ డ్రైవర్ దాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసిపెడుతుంది.

ఎక్కువ ప్రాసెసర్లున్న సర్వర్‌కి ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది. ఆన్ చేసిన క్షణం నుంచి పనంతా ఒకే ఒక్క కోర్ చేస్తుంది. కెర్నల్ కొంత దూరం నడిచాక మిగతావాటిని వరసగా లేపుతుంది. అదే సమయంలో డిస్కు కార్డు, నెట్‌వర్క్ కార్డు పంపే ఇంటరప్ట్ అనే సంకేతాలను ఏ కోర్‌కి చేర్చాలో చూసే ఐఓ ఏపిక్ రంగంలోకి వస్తుంది. ఏ ఇంటరప్ట్ ఏ దారిన రావాలో చెప్పే పట్టికలు బయాస్ ఇస్తుంది. 1990లలో అవి ఇంటెల్ మల్టీప్రాసెసర్ స్పెసిఫికేషన్ ప్రకారం ఉండేవి, తర్వాత ఏసీపీఐ అనే ప్రమాణం ప్రకారం. ఆ పట్టికలో తప్పుంటే డిస్కు పని ముగించి పంపిన కబురు ఎవరికీ అందదు. కెర్నల్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

లోపం కోర్లను లేపడంలో ఉందా, ఇంటరప్ట్‌ల దారిలో ఉందా అని విడదీయడానికి చక్కటి దారి ఉంది. గ్రబ్‌లో ‘మ్యాక్స్‌సీపీయూస్=1’ ఇచ్చి చూడండి. ఒక్క కోర్‌తో బూట్ అయితే మిగతావాటిని లేపే చోట గొడవ ఉంది. రెండో ప్రాసెసర్, దాని సాకెట్, దాని పక్కనున్న మెమరీ చూడాలి. రెండు ప్రాసెసర్లూ ఒకే మోడలేనా, ఒకే స్టెపింగేనా (ఒకే తయారీ సవరణేనా) అన్నది కూడా చూడాలి. సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో ఇది తప్పక చూడాల్సిన సంగతి. మ్యాక్స్‌సీపీయూస్=1తో కూడా ఆగిపోయి, ‘నోఎస్ఎంపీ’ ఇస్తే బూట్ అయితే అనుమానం ఐఓ ఏపిక్ మీదికి వెళ్తుంది, ఎందుకంటే నోఎస్ఎంపీ దాన్ని కూడా ఆపేస్తుంది. అప్పుడు ‘నోఏపిక్’, ఆ తర్వాత ‘ఏసీపీఐ=ఆఫ్’ విడివిడిగా పరీక్షించండి. ఒక్కసారే అన్నీ కలిపి పెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇక్కడ గట్టిగా హెచ్చరించాల్సింది ఉంది. ఇవి పరీక్షలు, మందులు కావు. ‘బూట్ అయింది కదా’ అని నోఎస్ఎంపీని శాశ్వతంగా రాసిపెడితే ఎనిమిది కోర్ల సర్వర్ ఒక్క కోర్‌తో కుంటుతుంది, నెమ్మదిగా ఉందని మీరు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటారు. ఏసీపీఐ=ఆఫ్ వదిలేస్తే యూపీఎస్ బ్యాటరీ అయిపోతున్నప్పుడు షట్‌డౌన్ అయిన యంత్రం తనంతట తాను పవర్ ఆపుకోలేకపోవచ్చు. పరీక్షలో తేలినదాన్ని బట్టి బయాస్ అప్‌డేట్ చేయాలి, సెట్టింగ్ మార్చాలి, చెడిన భాగం తీసేయాలి.

డేటాకు అన్నిటికన్నా ఎక్కువ ముప్పు తెచ్చే ఘట్టం డిస్కులు ‘కనపడకపోవడం’. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ 8 నుంచి, డిస్కులను నడిపే పాత రైడ్, ఎస్ఏఎస్ కార్డులు చాలావాటికి డ్రైవర్లు తీసేశారు. దాని బాటలో నడిచిన సెంటాస్ 8కి కూడా అదే గతి. కొత్త ఓఎస్ బూట్ అవుతుంది, రూట్ డిస్కు కోసం వెతుకుతుంది, దొరక్క ఎమర్జెన్సీ షెల్‌లో పడుతుంది. అది చూసి ‘డిస్కులు పోయాయి’ అనుకుని రైడ్ కార్డు మెనూలోకి వెళ్లి కొత్త అర్రే (డిస్కుల కూర్పు) సృష్టించి ఇనిషియలైజ్ కొడితే, అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న డేటాని మన చేత్తో మనమే చెరిపినట్టు. బూట్ మొదట్లో రైడ్ కార్డు తన తెర మీద అర్రే బాగానే ఉందని చూపిస్తే డిస్కులు ఉన్నట్టే, లేనిది డ్రైవర్. పాత ఓఎస్ యూఎస్‌బీతో బూట్ చేస్తే కనబడతాయి. అలాంటి పాత కార్డుల డ్రైవర్లను ఆల్మాలైనక్స్ 9.4లో మళ్లీ చేర్చారు. ఈఎల్‌రెపో అనే ప్యాకేజీల భాండారంలో కూడా విడిగా దొరుకుతాయి.

రైడ్ కార్డు ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ దొరికిందని ఆపి అడిగితే ఇంపోర్ట్, క్లియర్ అనే రెండు దారులుంటాయి. ఏ డిస్కు ఏ స్లాట్‌లో ఉందో రాసుకోకుండా, ఏ డిస్కు ఎప్పటినుంచి పక్కకు పడి ఉందో తెలియకుండా రెండింటిలో దేన్నీ నొక్కొద్దు. క్లియర్ అసలే వద్దు. డిస్కులు తీసి దుమ్ము దులిపి పెట్టాలనిపిస్తే ముందు ప్రతి దాని మీదా స్లాట్ నంబర్ అంటించండి. మదర్‌బోర్డు మీద చిన్న సీఆర్2032 బ్యాటరీ పోయిందేమో చూడండి. అది పోతే బయాస్ సెట్టింగులు మొదటికి వెళ్లిపోతాయి. బోర్డులోనే ఉన్న రైడ్‌ని వాడే యంత్రంలో రైడ్ సెట్టింగ్ మారితే డిస్కులు విడివిడిగా కనిపించి హడలెత్తిస్తాయి.

ఇంకా కొత్త హార్డ్‌వేర్ కోరే ఓఎస్‌లు ఉన్నాయి. రెడ్ హ్యాట్ 9 ఎక్స్86-64-వీ2 అనే స్థాయి ప్రాసెసర్ అడుగుతుంది. పవర్‌ఎడ్జ్ 2950లో ఉండే జియాన్‌లకు ఆ స్థాయి లేదు. ఏ గ్రబ్ ఆప్షన్ ఇచ్చినా అది ఎక్కదు. అలాంటి యంత్రంతో రాత్రంతా పోరాడటం వృథా.

రిపేరు కన్నా ముందు డేటా కాపీ. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి డిస్కులను చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. ఎక్స్‌ట్4 అయితే ‘ఆర్ఓ’తో పాటు ‘నోలోడ్’, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ‘నోరికవరీ’ ఇస్తే ఫైల్ సిస్టమ్ జర్నల్ కూడా కదలదు. వేరే డిస్కుకి కాపీ అయ్యాక, కాపీలోని ఫైళ్లు రెండు మూడు తెరిచి చూశాక, అప్పుడు మిగతా పని.

యజమానులకు, ప్రిన్సిపాళ్లకు చేతులు జోడించి చెప్పేదొకటుంది. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటారు, నిజమే. అయినా సిస్టమ్స్ చూసే కుర్రాడి వెనకాల నిలబడి ‘ఇంకెంతసేపు బాబూ’ అని పదే పదే అడగకండి. నొక్కకూడని బటన్లు నొక్కించేది ఆ ఒత్తిడే. కాగితం రసీదులు రాయించి ఒక పూట నెట్టుకురండి.

ఇప్పుడు బాగానే నడుస్తున్న పాత సర్వర్ ఉన్నవాళ్లకీ పని ఉంది. నెలల తరబడి ఆపకుండా నడిపాక చేసే రీబూట్ ప్రమాదకరం. ఇంటెల్ జియాన్ ఈ5 రకాల్లో ఒక కౌంటర్ మామూలు రీబూట్‌తో సున్నాకు రాదు. రెడ్ హ్యాట్ 6 పాత కెర్నల్స్‌తో, దాదాపు 208 రోజులు దాటి నడిచాక రీబూట్ కొడితే ఆ యంత్రాలు హ్యాంగ్ అయ్యేవి. అక్కడ ఓఎస్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేసి, పవర్ కార్డులు రెండూ పీకి, కొద్దిసేపాగి పెట్టాలి. మీ సర్వర్‌కి ఈ వారమే, మధ్యాహ్నం పూట, బ్యాకప్ పూర్తయ్యాక, తెలిసినవాళ్లు పక్కనుండగా ఒకసారి అలా చేయించండి. ఆ రోజే బయాస్ తెరలన్నీ ఫొటోలు తీయించండి. రైడ్ అర్రే వివరాలు, స్లాట్ నంబర్లు, కెర్నల్ వెర్షన్ కాగితం మీద రాయించి సర్వర్ మూత లోపల అంటించండి. ఆ వివరాలన్నీ సర్వర్‌లోనే ఫైల్‌గా దాచుకుంటే అది ఆగిన రోజున వాటిని చూడటం కుదరదు.