సిద్ధాంతమన్న నేమి?

“అది వట్టి సిద్ధాంతమే గదా!” యను మాట చదువుకొన్నవారి నోటనే తఱచుగ వినవచ్చుచున్నది. కృష్ణబిలముల ప్రసంగము వచ్చినప్పుడు మఱింత బిగ్గఱగ వినవచ్చును. వెలుగునుసైతము వెలికి రానీయని వస్తువు కలదని లెక్కలు చూపి చెప్పిన నమ్ముటెట్లని వారి శంక. శంకించుట తప్పుగాదు. కాని మాట యర్థము తెలియని శంక తీఱునది కాదు.

మన శాస్త్రములలో సిద్ధాంతమనగా పూర్వపక్షమును విని, దానికి సమాధానము చెప్పి, కడపట నిలిపిన నిర్ణయము. సూర్యసిద్ధాంతమునకు ఆ పేరు పెట్టినవారు దానిని ఊహగా నెంచలేదు. పంచాంగకర్తను సిద్ధాంతిగారని మనము గౌరవించుటయు నందులకే. ఆంగ్లేయుల వాడుకలో ఊహకును సిద్ధాంతమునకును ఒక్కమాటయే చెల్లుచున్నది. అచ్చటి గందరగోళమును మనము అరువు తెచ్చుకొంటిమి.

ఇక నియమమన్న నేమి? ఇబ్రహీంపట్నమున కుతుబ్‌షాహీల కాలపు పెద్దచెఱువు క్రింద సేద్యమెఱిగిన రైతు నడుగుడు. నీరు పల్లమెఱుగునని యాతడు చెప్పును. అది నియమము. ఏది జరుగునో నియమము చెప్పును; ఏల జరుగునో సిద్ధాంతము చెప్పును. కావున సిద్ధాంతము ముదిరి నియమమగుట యెన్నడును లేదు. న్యూటను 1687లో గురుత్వాకర్షణ నియమమును ప్రకటించెను గాని, దాని కారణము తా నెఱుగనని యొప్పుకొనెను. ద్రవ్యముచే దేశకాలములు వంగుటయే కారణమని 1915లో ఐన్‌స్టీను సిద్ధాంతము చెప్పినది.

వీని పరీక్షకు గ్రహణముకంటె మంచి సమయము లేదు. ఇబ్రహీంపట్నము ప్రాంతముననే, జాపాల-రంగాపురమున, ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాల కలదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు దేశవిదేశముల శాస్త్రజ్ఞు లచ్చట చేరిరి. ఇండ్లలో తలుపులు మూసికొన్నవారు పెక్కురు. చంద్రుడు మాత్రము ముందుగా గణించిన వేళకే వచ్చి సూర్యుని కప్పెను. ఆ గణనకు న్యూటను నియమమే చాలినది. కాని 1919 మే 29 నాటి గ్రహణమున సూర్యుని చెంతగ వచ్చు నక్షత్రకాంతి యెంత వంగినదో కొలిచినప్పుడు ఆ నియమము చాలలేదు. కొలతలు న్యూటను మతముననుసరించిన లెక్కకు ఇంచుమించు రెట్టింపై, ఐన్‌స్టీను లెక్కకు చేరువగ వచ్చినవి. అంతమాత్రమున పాతనియమమును పాఱవేయలేదు. దాని హద్దు తెలిసినది.

ఈ సిద్ధాంతమునుండియే కృష్ణబిలములు పుట్టినవి. అట్టివి యేర్పడజాలవని 1939లో ఐన్‌స్టీనే వ్యాసము వ్రాసెను. కర్త కాదన్నను లెక్క కాదనలేదు. రంగాపురమున 48 అంగుళముల దర్పణముగల దూరదర్శినితో మనవారు జంట నక్షత్రములను పరిశీలించియుండిరి. జంటలోని నక్షత్రములు తిరుగు కాలమును, వేగమును కొలిచినచో వాని బరువు తెలియును. ఈ యుపాయముచేతనే 1971లో హంసమండలమున నొక నక్షత్రము కంటికానని తోడుచుట్టు అయిదున్నర దినములకు కొంచె మెక్కువగ నొకమాఱు తిరుగుచున్నదని తేలినది. ఆ తోడు సూర్యునికి సుమారు 21 రెట్లు బరువని 2021లో లెక్క సరిచూచిరి. అంత బరువుండి, అంత యిఱుకున నిమిడి, వెలుగులేనిది కృష్ణబిలముగాక మఱేమి? 2015లో రెండు కృష్ణబిలములు కలిసినప్పటి గురుత్వతరంగములు పరికరముల కందినవి. 2019లో నొకదాని నీడయొక్క చిత్రమును లోకము చూచినది.

ఆ బిలముల నడుమ ఐన్‌స్టీను సమీకరణములును తెగిపోవును. ఆ మాటను బయలుపఱచినవారు శాస్త్రజ్ఞులే. తన హద్దును తానే చెప్పుకొనుట సిద్ధాంతమునకు లోపముగాదు, గౌరవము.

ఇట్టి పరీక్షలకై మన ముంగిట వెలసిన వేధశాల యేమైనది? నగరపు దీపములు చేరువైనవి, పరికరములు పాతబడినవి, ఆ దూరదర్శిని యేండ్లతరబడి మూలబడినది. ఇబ్రహీంపట్నపు భూముల ధరలు మాత్రము పెరిగినవి. మేము కోరునది గొప్పవరము గాదు. విశ్వవిద్యాలయమును, ప్రభుత్వమును ఆ వేధశాలను బోధనకైనను తగినట్లు నిలుపవలెను. భూస్వాములును, క్రొత్తయిండ్లు కట్టించువారును తమ దీపములకు మూతలు పెట్టి, వెలుగును నేలకు మరల్పవలెను. ఉపాధ్యాయులు పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, లెక్కను ఆకాశముతో సరిచూచు విధము నేర్పవలెను.

సిద్ధాంతమును పరీక్షించు చోటును పాడుపెట్టి, సిద్ధాంతమే వట్టిమాట యనుట న్యాయము గాదు.