వాకిటి కుండీలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో నీటి ప్రసక్తి రాని ఇల్లు లేదు. 2016లోను, 2019లోను జరిగిన పునర్విభజనల వలన ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి. ఐనను నేల మారలేదు, వాన మారలేదు. సంవత్సరమునకు సుమారు 600 మొదలు 750 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఇచ్చట కురియును. అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడిపోవును. ఎర్రని చెల్క నేలలు ఆ నీటిని ఎక్కువ కాలము పట్టియుంచలేవు. ఇట్టి చోట ప్రతి ఇంటను కుండీలలో టమాట, మిరప, దోస పెంచవలెనని చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. త్రాగు నీటికే కటకటపడిన సీమలో కుండీలకు నీరెక్కడిదని వారు ప్రశ్నింతురు. అంగడిలో దొరకు కూరలకు ఇంత శ్రమ యేలయని మరికొందరు అందురు. ఈ రెండు ప్రశ్నలును తోసివేయదగినవి కావు. వీనికి సమాధానము చెప్పిన పిదపనే కుండీని వాకిట నిలుపవలెను.

మొదట నీటి మాట. కృష్ణానది ఈ సీమకు ఆనుకొనియే ప్రవహించుచున్నది. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఎడమ కాలువ క్రిందికి వచ్చిన మిర్యాలగూడ ప్రాంతము వరిపొలములతో పచ్చబడినది. కాని మెరకనున్న దేవరకొండ, మునుగోడు వంటి మెట్టప్రాంతములు చెరువులను, బావులను, గొట్టపు బావులనే నమ్ముకొనవలసి వచ్చినది. ఆ నేలలోని నీటిలో ఫ్లోరైడు కలిసియున్నది. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ మితి దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినందున పిల్లల దంతములు గారపట్టి మచ్చలు పడినవి. పలువురి ఎముకలు వంగి నడక కూడ కష్టమైనది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అను పేరు కలిగినది. ఒక జిల్లా పేరు తన నీటి కష్టము వలన శాస్త్రగ్రంథముల కెక్కుట గర్వింపదగిన సంగతి కాదు.

2015 జూను 8వ తేదీన చౌటుప్పలులో మిషన్ భగీరథ పైలాను ఆవిష్కరింపబడినది. శుద్ధిచేసిన జలమును గొట్టముల ద్వారా ఇంటింటికి చేర్చుటయే ఆ పథకము. గ్రామములలో మనిషి ఒక్కింటికి దినమునకు 100 లీటర్ల నీరు అందవలెనని దాని లక్ష్యము. మైళ్ళ దూరము బిందెలు మోసిన తల్లుల కష్టమును ఎరిగిన వారికి కొళాయి విలువ తెలియును. కాని పుట్టినది మొదలు కొళాయిని చూచుచున్న పిల్లలకు ఆ విలువ ఎవరు నేర్పుదురు? ఉపన్యాసములు నేర్పలేవు. వాకిటి కుండీ నేర్పగలదు.

ఒక చిన్న లెక్క చూడవచ్చును. నలుగురున్న ఇంటికి ఆ లక్ష్యము ప్రకారము దినమునకు 400 లీటర్ల నీరు కావలెను. పది కుండీలకు చలికాలమున కుండీకి లీటరు చొప్పున పది లీటర్లు చాలును. అనగా నూటికి రెండున్నర పాళ్ళు. ఎండకాలమున ఇది రెట్టింపు కావచ్చును. ఈ కొంచెము నీటిని సైతము కొళాయినుండి పట్టనవసరము లేదు. బియ్యము కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ప్రతి వంటయింటను నిత్యము పారబోయబడుచున్నది. పూర్వము ఆ కడుగు నీరు కుడితి తొట్టిలో చేరి పశువుల కడుపు నింపెడిది. పశువులు లేని ఇండ్లలో నేడది మురికి కాలువ పాలగుచున్నది. దానిని ఒక బకెట్టులో చేర్చి కుండీలకు పోసినచో ఒకే నీరు రెండు పనులు చేసినట్లగును. సబ్బు కలిసిన నీటిని, ఉప్పు వేసి ఉడికించిన నీటిని మాత్రము పోయరాదు. కావున ఈ సీమలో కుండీ పెంపకమునకు ఒక నియమముండుట యుక్తము. త్రాగు నీటితో పెంచిన కుండీ వ్యర్థము. కడుగు నీటితో పెంచిన కుండీ సార్థకము.

ఇక రెండవ ప్రశ్న. కుండీలు ఇంటి కూరల ఖర్చును తీర్చునా? తీర్చవు. ఈ సత్యమును దాచుట మంచిది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలు దినమునకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినవలెను. నలుగురికి నెలకు 48 కిలోలు కావలెనన్నమాట. జాగ్రత్తగా పెంచిన ఒక టమాట మొక్క తన కాపు కాలమంతయు కలిపి రెండు మూడు కిలోలు ఇచ్చిన గొప్ప. పది కుండీలను చూపి అంగడిని మరచిపొమ్మని చెప్పువారు పిల్లలను భ్రమపెట్టినవారగుదురు. ఐనను కోసిన వెంటనే కూరలో పడు నాలుగు పచ్చిమిరపకాయలు, చెట్టుననే పండిన రెండు టమాటలు పళ్ళెమునకు రుచిని, సి విటమినును చేర్చును. దాని కంటె ముఖ్యమైన లాభము వేరొకటి కలదు. అన్నము వెనుక నున్న శ్రమను పిల్లలు కన్నులార చూతురు.

చెల్కమన్ను రెండు పాళ్ళు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపినచో కుండీ మన్ను సిద్ధమగును. కొన్న కుండీలే కానక్కరలేదు. పగిలిన గోలెము, పాత నూనెడబ్బా, అడుగు సొట్టపడిన బకెట్టు ఏదైనను పనికివచ్చును. అడుగున రంధ్రములుండుట మాత్రము తప్పనిసరి. చేనిలో పారించిన నీరు ఎచ్చటికి పోయినదో కంటికి కానరాదు. కుండీలో నీరెక్కువైనచో అడుగునుండి కారి సాక్ష్యమిచ్చును. తక్కువైనచో మధ్యాహ్నమునకే ఆకులు వ్రేలాడి చెప్పును. నీటి మితిని ఇంత స్పష్టముగా చూపు గురువు వేరొకరు లేరు. పాలమూరు ప్రాంతమున విరివిగా దొరకు వేరుసెనగ పొట్టును మన్నుపై రెండంగుళముల మందమున పరచినచో తడి త్వరగా ఆరదు. పెద్ద తొట్టి నడుమ చిన్న మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపి మూతవేసినచో, దాని గోడలనుండి ఊరిన తేమ వేళ్ళకు కొంచెము కొంచెముగా అందును. గొట్టపు బావి నీరే పోయవలసి వచ్చినపుడు కొన్నాళ్ళకు మన్నుపై తెల్లని ఉప్పు పేరుకొనును. వానకాలమున ఆ కుండీలను ఆరుబయట నుంచి వాననీటితో బాగుగా కడుగుపడనీయవలెను.

మూడు మొక్కలును మూడు పాఠములు చెప్పును. టమాట నియమమును నేర్పును. దీని నారును సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పోసి, ఇరువదియైదు ముప్పది దినములకు ఒక్కొక్క మొక్కను అడుగు వెడల్పు, అడుగు లోతుగల కుండీలో నాటవలెను. ఒకనాడు ముంచెత్తి, మూడునాళ్ళు మరచినచో కాయ అడుగు నల్లబడి కుళ్ళును. పగటి వేడి 35 డిగ్రీలు దాటినచో పూత నిలువక రాలిపోవును. వేసవిలో వేడి 44 డిగ్రీలకు ఎక్కు ఈ సీమలో చలికాలపు పంటయే దీనికి తగినది.

మిరప ఓర్పును నేర్పును. దీని నారు నాటునంతగా ఎదుగుటకు సుమారు ఆరువారములు పట్టును. ఒకసారి నిలద్రొక్కుకొన్నచో నెలల తరబడి కాయుచునేయుండును. ఆకులు ముడుచుకొనుట దీనికి కలుగు పెద్ద బాధ. అప్పుడు వెంటనే విషపు మందులకై పరుగెత్తరాదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బునీరు చేర్చి చల్లినచో ఆకులలోని రసమును పీల్చు పురుగులు తగ్గును. మిగుల పాడైన మొక్కను తీసివేయుట ఇతర మొక్కలకు క్షేమము.

దోస సహకారమును నేర్పును. పప్పులోనికి, పచ్చడిలోనికి వాడు పసుపు పచ్చని దోస వేరు. పచ్చిగా తిను కీరదోస వేరు. రెండును తీగలే. వీనికి పెద్ద తొట్టియు, ప్రాకుటకు పందిరియు కావలెను. ఒకే తీగపై మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయును. తేనెటీగ వచ్చి పుప్పొడిని మోయనిదే పిందె నిలువదు. తేనెటీగలు రాని మేడలపై ఉదయవేళ మగపూవును కోసి ఆడపూవునకు తాకించవలెను. ఒక దోసకాయకై తేనెటీగ చేయు పనిని స్వయముగా చేసి చూచిన బాలుడు పూలపై విషము చల్లుటకు మునుపు రెండుమార్లు ఆలోచించును.

ఈ మొక్కల చరిత్రయు తెలిసికొనదగినది. మిరప, టమాట రెండును అమెరికా ఖండముల సంతతి. పోర్చుగీసువారు ఈ తీరమునకు వచ్చిన తరువాతనే మిరప భారతదేశమునకు చేరినది. కీరదోస పుట్టినది మాత్రము భారతదేశముననే. దూరదేశపు మొక్కలు కొన్ని శతాబ్దులలో తెలుగువారి వంటయింటికి యజమానురాండ్రైనవి. కొరత కాలమున ఇంటి తోటలను నమ్ముకొన్న దేశములును కలవు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులోను, అమెరికాలోను ప్రజలు పెరళ్ళను, ఉద్యానములను కూరతోటలుగా మార్చిరి. భారతదేశమున 1943లో అధికాహారోత్పత్తి ఉద్యమము మొదలైనది. 1991 తరువాత సోవియట్ సహాయము నిలిచిపోయినప్పుడు క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలములందు కూరలు పండింపబడినవి. అచ్చట అవసరము నేర్పిన దానిని ఇచ్చట వివేకము నేర్పినచో మేలు.

2023 జూలైలో టమాట ధర కిలోకు నూరు రూపాయలు దాటినపుడు పట్టణములు గగ్గోలు పడినవి. ధర పడిపోయి, కోత కూలియైనను దక్కక రైతు పండ్లను పారబోసిన నాళ్ళలో అంత గగ్గోలు వినబడదు. మూడు నెలలు ఒక మొక్కను కాచి, పూత రాలగా చూచి, చివరకు ఆరు పండ్లు కోసికొన్నవారికి రైతు కష్టము మాటలతో చెప్పనక్కరలేదు. ఈ సీమ కూలీలు దేశమందలి పలు ప్రాజెక్టులకు మన్ను మోసిరి. తమ చేలకు మాత్రము నీరు లేక వలసపోయిరి. అట్టి శ్రామికుల మనుమలు శ్రమ విలువ నెరుగక పెరుగుట తగదు.

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. చేరువనున్న దానిని చులకన చేయు స్వభావమును అది ఎత్తిచూపుచున్నది. పాఠశాలలలో పోషక తోటలు పెంచవలెనని కేంద్ర ప్రభుత్వము 2019లో మార్గసూచనలు జారీచేసినది. అవి కాగితముపై నిలువక, మధ్యాహ్న భోజనమునకై బియ్యము కడిగిన నీరు ప్రతి పాఠశాలలోను మొక్కల పాదులకు చేరవలెను. ప్రతి విద్యార్థియు ఇంట రెండు కుండీలు నిలిపి, దినమునకు ఎంత కడుగు నీరు దొరకినది, ఎంత పోసినది, ఎన్ని కాయలు కాచినది ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ లెక్కలో కాయల సంఖ్య చిన్నదే కావచ్చును. నీటి పద్దు వ్రాయనేర్చిన బాలబాలికలు రేపు చెరువుకట్టను, కాలువను, గొట్టపు బావిని ఏలవలసిన పౌరులు. వారి చేతిలో నీరు వృథా కాదు.