పాత రేడియోకు పరిష్కర్త కావాలి

మా మెదక్‌లో కొండమీది కోటను, 1924లో పూర్తయిన చర్చిని చూడడానికి దూరప్రాంతాల నుండి జనం వస్తారు. ప్రాచీన సంపదను పరిరక్షించాలని అందరూ అంగీకరిస్తారు. కాని అటకమీది వాల్వు రేడియో మాత్రం పాత సామాను కొనేవాని తూకానికి పోతుంది. లేదా కొయ్యపెట్టెకు మెరుగు పెట్టించుకొని ముందుగదిలో మూగబొమ్మగా నిలుస్తుంది. ఈ రెండింటిలో ఏదీ పరిరక్షణ కాదని నా అభిప్రాయం.

రేడియోతో మన ప్రాంతానికి గల అనుబంధం చిన్నది కాదు. 1933లో మహబూబ్ అలీ హైదరాబాదులో 200 వాట్ల ప్రసారిణిని నెలకొల్పారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఆ దక్కన్ రేడియోయే 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో భాగమైంది.

వినడంతో తృప్తిపడక, ప్రభుత్వ అనుమతి పొంది స్వయంగా సందేశాలు పంపుకొనే ఔత్సాహికులను 'హామ్'లు అంటారు. వారి రిసీవర్ ప్రత్యేకమైనది. మోర్సు సంకేతంలో మాట ఉండదు. తరంగం సాగడం, ఆగడం మాత్రమే ఉంటాయి. హామ్ రిసీవర్‌లోని ఒక చిన్న ఆసిలేటర్ మరొక తరంగాన్ని పుట్టించి దానితో కలుపుతుంది. ఆ రెండు పౌనఃపున్యాల భేదమే చెవికి ఈలవలె వినిపిస్తుంది. ఈ భాగం ప్రయోజనమెరుగని వాడు దానిని అనవసరమని తొలగిస్తే పెట్టె మిగులుతుంది గాని హామ్ రిసీవర్ మిగలదు.

ఇక్కడ మన సాహిత్యం ఒక దారి చూపుతుంది. సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల సహాయంతో 1829లో వేమన పద్యాలను ప్రకటించారు. శిథిలమైన చోట సొంత పద్యం వ్రాసి చేర్చడం పరిష్కర్త ధర్మం కాదు. వాల్వులు తీసివేసి బ్లూటూత్ స్పీకరు అమర్చడం అటువంటి ప్రక్షిప్తమే. చెడిన కెపాసిటర్‌ను మార్చవలసిందే. కాని ఏది, ఎప్పుడు మార్చామో వ్రాసి పెట్టెలో ఉంచాలి. దశాబ్దాలుగా మూలనున్న సెట్టుకు ఒక్కసారిగా విద్యుత్తు ఇవ్వరాదు. లోపల ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉంటుంది కనుక అనుభవజ్ఞుని వద్దనే ఈ విద్య నేర్వాలి.

"చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఈ శ్రమ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచెత్తి, టెలిఫోన్లు మూగబోయినప్పుడు, అక్కడే ఉన్న హామ్ భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్ నుండి రేడియో ద్వారా బయటి ప్రపంచానికి వార్తలు అందించారు. ఆమె వాడినది పాత పెట్టె కాదు. అయినా తరంగం ఎలా పుడుతుందో, ఎలా అందుతుందో కంటికి కనిపించేలా బోధించే గురువు పాత పెట్టెయే. సెల్‌ఫోన్ తన రహస్యాన్ని విప్పి చూపదు.

ఆకాశవాణి ఇటీవలి కాలంలో పలు మధ్యతరంగ ప్రసారిణులను నిలిపివేసింది. పాత రేడియోలకు అందే గొంతులు తగ్గుతున్నాయి. వాటిని బాగుచేయగల చేతులు అంతకంటె వేగంగా తగ్గుతున్నాయి. లిపి చదివేవాడు లేని తాళపత్రం వట్టి ఆకు. విద్యార్థులారా! మీ ఊరిలో రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఉంటే ముందుగా ఆయన వద్దకు వెళ్ళండి. పెట్టె మరి కొన్నాళ్ళు అటకమీద ఆగగలదు. ఆయన విద్య ఆగలేదు.